సొట్ట పూసలు

ఆ వేసవి మొదట్లో షాపు నుంచి మా సరుకంతా తిరిగొచ్చింది. పగిలిపోయి కాదు, రంగు వెలిసిపోయి కాదు. మరీ బాగున్నాయట, అందుకని.

మా ఆయన అట్టపెట్టె గుమ్మంలో దించి, చెప్పులైనా విప్పకుండా, షాపు మేడం అన్న మాటలన్నీ అప్పజెప్పాడు. లోలాకులు రెండూ అచ్చం ఒకేలా ఉంటే కొనేవాళ్ళు మిషన్‌లో చేసినవనుకుంటున్నారట. చేత్తో చేసినవని నమ్మాలంటే ఒక సొట్టో, కొంచెం వంకరో, గాజులో చిన్న బుడగో కనబడాలట. "కాస్త తప్పు చెయ్యమనండి మీ నాన్నగారిని, అదేమంత కష్టం" అందట ఆవిడ నవ్వుతూ.

ఆ మాట మామయ్య చెవిన పడనే పడింది. మంట ముందు కూర్చున్న మనిషి బర్నర్ కట్టేసి, చేతిలో సగం పనైన గొట్టాన్ని బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను ఆ ఇంటి కోడలినయ్యాక ఆయన పని మధ్యలో లేవడం అదే మొదటిసారి చూడటం. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. అత్తయ్య రెండోసారి పిలవలేదు.

మాది ఊదిన గాజు నగల పని. సన్నటి గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూ కాచి, మెత్తబడగానే బయటికి తీసి, ఒక కొస నోట పెట్టుకుని ఊదితే ద్రాక్షపండంత బుడగ ఉబ్బుతుంది. లోపలంతా బోలు. అదే పూస. రెండు జతపడితే లోలాకులు, బోలెడన్ని గుచ్చితే దండ. చెప్పడానికి ఇంతే. తిప్పే చెయ్యి రవ్వంత ఆగినా, ఒక పక్క ఎక్కువ కాగినా, బుడగ అటు ఒరిగిపోతుంది. అటు పక్క పొరలా పలచబడుతుంది, ఇటు పక్క దళసరిగా మిగిలిపోతుంది. ఒరిగిన పూస కనబడితే మామయ్యకు ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉండేది. మొదటి ఏడాది నేను ఊదినవన్నీ నా కళ్ళముందే పెంకుల డబ్బాలో పడేశారు. ఒక్కదానికి కూడా పోనీలే అనలేదు. ఆయన పక్కన, రెండో బర్నర్ ముందు నాకంటూ ఒక స్టూలు రావడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. మా పుట్టింటివాళ్ళు నా పెళ్ళి గురించి ఏం చెప్పుకునేవాళ్ళో గానీ, నేను మాత్రం ఆ స్టూలు గురించే చెప్పుకునేదాన్ని.

ముందు గదే మా కార్ఖానా. మంట కదిలిపోతుందని ఫ్యాన్ వెయ్యం, కిటికీ ఒంటిరెక్కే తీస్తాం. చలికాలంలో ఆ గదిలోకి అందరూ ఏదో పని పెట్టుకుని వస్తారు. వేసవిలో పిల్లి కూడా రాదు. గుమ్మం దగ్గర చాప మీద అత్తయ్య దండలు గుచ్చుతుంది, మూలన మా ఆయన తీగలు వంచి కొక్కేలు చేస్తాడు. షాపుకి వెళ్ళడం, రావడం, మాట పడటం కూడా ఆయన వంతే.

పంతానికి పోయి కూర్చునే వీలు మాకు లేదు. మిగతా షాపులన్నీ ఎప్పుడో మిషన్ పూసలకి మారిపోయాయి, మా మొహం చూసేది ఈ ఒక్క మేడమే. మామయ్య లేవరు కాబట్టి, తప్పులు చేసే పని నా నెత్తిన పడింది.

అదేం పెద్ద పని అనుకున్నాను. తీరా కూర్చుంటే చెయ్యి మొరాయించింది. కావాలని తిప్పడం ఆపేదాన్ని, బుడగ ఒరిగేలోపు వేళ్ళు వాటంతటవే తిప్పేసేవి. బలవంతాన చిమటాతో నొక్కి సొట్టలు పెట్టాను. అన్నీ ఒకే చోట, ఒకే లోతున పడ్డాయి. మా ఆయన వాటిని పట్టుకెళ్ళాడు, అలాగే తిరిగొచ్చాడు. మేడం ఒకటి వెలుగుకి పెట్టి చూసి, "ఇది కావాలని చేసిన తప్పులా ఉందండీ" అందట. తప్పు చెయ్యడం కూడా చేతకాదని ఇంట్లో నాకు పేరొచ్చింది.

ఆ రోజే మామయ్య లేచి వచ్చారు. ఎవరి మొహమూ చూడలేదు. "నాకు తెలిసిందే నేను చేస్తాను. ఇష్టమైతే తీసుకోమను, లేకపోతే మానుకోమను" అని బర్నర్ వెలిగించారు. సాయంత్రానికి పెట్టె నిండింది. కాగిన గాజుని గాలిలో పెడితే చిట్లిపోతుంది కాబట్టి వేడి పెట్టెలో పెట్టి మెల్లగా చల్లార్చాలి. మర్నాడు ఆ పెట్టె మూత తీసింది నేనే.

పూసలు ఒరిగి ఉన్నాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి మెడ దగ్గర వాలి. కొన్నిటిలో గాజు మరీ కాగి, పంచదార పలుకుల్లా సన్నటి బుడగలు. జతలో ఒకటి పెద్దది, ఒకటి పొట్టిది. ఓహో, మామయ్య పంతం దిగమింగుకుని మేడం అడిగినట్టే చేశారన్నమాట అనుకున్నాను. ఆయన మీద జాలి కూడా వేసింది.

మామయ్య నా చేతిలోంచి ఒక పూస తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి, తిప్పి తిప్పి చూశారు. మొహం విప్పారింది. "ఏదమ్మాయ్, ఇందులో సొట్ట ఎక్కడుందో చూపించు" అన్నారు.

చూశాను. ఆ సొట్టలో నా చిటికెన వేలు పట్టేలా ఉంది.

"లేదు మామయ్యా" అన్నాను.

మా ఆయన షాపు నుంచి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. మేడం ఆ పూసల్ని చూసి ఎగిరి గంతేసినంత పని చేసిందట. ఇవీ చేతి పనంటే, ఇలాంటివే కావాలి, వేసవంతా ఎన్ని చేస్తే అన్ని తీసుకుంటాను అందట. ఆ మాట తండ్రికి చెప్పేటప్పుడు సగం మింగేశాడు. "నాన్నా, నీ మాటే నెగ్గింది. నువ్వు చేసినవే కావాలంది" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆ మాటతో మామయ్యకి పదేళ్ళు తగ్గినట్టయింది. రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంట ముందు కూర్చునేవారు. పక్కింటి టైలర్‌ని పిలిచి మరీ చెప్పారు, ఆవిడే దిగొచ్చిందని. రెండోసారి అన్నం పెట్టించుకుని తినేవారు. ఇంట్లో ఆ వేసవిలో సంతోషంగా ఉన్న మనిషి ఆయనొక్కరే. మిగతా ముగ్గురం ఆయన్ని చూసి నవ్వి, పక్కకి తిరిగాక మొహాలు మాడ్చుకునేవాళ్ళం.

ఆయన కళ్ళ సంగతి నేను వంటింట్లో చెప్పాను. చెప్తే వీళ్ళ గుండెల్లో రాయి పడుతుందనుకున్నాను. అత్తయ్య కూర కలుపుతూనే ఉంది. మా ఆయన మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరికీ ఎప్పటినుంచో తెలుసు. చలికాలం నుంచే ఆయన నీళ్ళు గ్లాసు పక్కన పోస్తున్నారు, గుమ్మంలోకి వచ్చినవాళ్ళని గొంతు వినేదాకా పలకరించడం లేదు. అప్పటిదాకా వేడి పెట్టె మూత తీసేది అత్తయ్యే కాబట్టి, ఒరిగిన పూసల్ని ఎవరికీ కనబడకుండా ఏరేసి తిన్నటివే షాపుకి పంపేది. కాగే గాజు దగ్గర పచ్చటి వెలుగు కళ్ళలో పొడిచినట్టు ఉంటుంది, దానికి రంగు కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఆయన జీవితంలో పెట్టుకోలేదు. గాజు అసలు రంగు కనబడదని వాదన. రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చి ఉంటాయి, తీయిస్తే చూపు వస్తుంది, అంత మాత్రం మాకూ తెలుసు.

"మరి చూపించరేం?" అన్నాను.

"వేసవి అయ్యాక చూపిద్దాం" అన్నాడు మా ఆయన. "ఇప్పుడు చూపొస్తే పూసలు మళ్ళీ తిన్నగా వస్తాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతండ్రి కళ్ళు మసకబారితే దాన్నీ సరుకులో కలిపి అమ్ముకుంటున్నామా అని అడిగాను. అత్తయ్యే గరిటె పక్కన పెట్టి నావైపు తిరిగింది. ఆవిడ మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

"ఆర్డర్ మాట అటుంచమ్మా. చూపొస్తే ముందుగా చూసేదేంటి ఆయన? ఈ వేసవంతా తను చేసింది చూస్తారు. అది నువ్వు చూపిస్తావా?"

నేను గిన్నెలు తోముకోవడానికి లేచాను.

ఎండలు ముదిరాయి. నా పూసలు మేడంకి నచ్చవు కాబట్టి ఊదడమంతా మామయ్యే, గొట్టాలు కోసి, కడిగి, ఆరబెట్టి, వరసగా ఆయన చేతికందించడం నా పని. పొద్దున కూర్చుంటే నడుం కొయ్యబారిపోయేది. చెమటకి చీర కుచ్చిళ్ళు కూడా తడిసి అంటుకునేవి. ఇంట్లో ఎవరం ఎవరితోనూ రెండు మాటలకి మించి మాట్లాడుకునేవాళ్ళం కాదు. విసుక్కోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఒకరోజు మధ్యాహ్నం మామయ్య గొట్టాన్ని మంటలో తిప్పుతూ తిప్పుతూ, తల తిప్పకుండా, గొంతు తగ్గించి అడిగారు. "అమ్మాయ్, రంగొచ్చిందా?"

ఆయనే నాకు ఆ రంగు నేర్పింది. ఎరుపు కాదు, పండు నారింజ కాదు, రెండింటికీ మధ్యన ఒక్క క్షణం నిలబడే రంగు. అది పట్టుకోవడం రాక ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆయన నన్నడుగుతున్నారు.

"ఇంకొంచెం" అన్నాను. "ఆ, ఇప్పుడు."

ఊదారు. తిన్నగా వచ్చింది.

"వాళ్ళకి చెప్పకు" అన్నారు, చెయ్యి అటువైపు ఊపి. "కళ్ళు కాస్త మసగ్గా ఉంటున్నాయి. వయసు. కంగారేం లేదు, చేతికి తెలుసుగా. లేకపోతే షాపావిడ అంత గట్టిమనిషి ఊరికే ఒప్పుకుంటుందా?"

నేను తల ఊపాను. ఊపినా ఆయనకి కనబడదని తర్వాత తట్టి, అవును మామయ్యా అన్నాను.

ఆ రోజు నుంచీ రంగు నేను చెప్పేదాన్ని, ఊపిరి ఆయన ఊదేవారు. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసేవాళ్ళం. పూసలు మళ్ళీ పాత రోజుల్లోలా గుండ్రంగా, జతకి జత సరిపోయి వచ్చాయి. పెట్టె మూత తీస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. అవి షాపుకి వెళ్ళాయి, సగం తిరిగొచ్చాయి. మా ఆయన ఆ పెట్టెని తండ్రి కంట పడకుండా పెరటి దారిన తెచ్చాడు. కంట పడదని మర్చిపోయాడో, ఒప్పుకోలేకపోయాడో.

"నువ్వు రంగు చెప్తున్నావా?" అని అడిగాడు నీళ్ళ తొట్టి దగ్గర.

"అడుగుతున్నారు, చెప్తున్నాను."

"చెప్పకు" అన్నాడు. మళ్ళీ తనే, "దండం పెడతాను, కొన్నాళ్ళు చెప్పకు" అన్నాడు. ఆయన కళ్ళ కింద నల్లటి చారలు ఉన్నాయి. పొద్దున్నుంచి తిరిగి తిరిగి చెప్పు తెగి, చేత్తో పట్టుకుని ఉన్నాడు. తిడదామని తెరిచిన నోరు మూసుకున్నాను.

మర్నాడు మామయ్య ఒక పూస ఊది, గొట్టాన్ని కొయ్య మీద ఆనించి, కొత్త గొట్టం కోసం చెయ్యి చాపారు. "రంగు చూస్తూ ఉండు, దీన్ని కాస్త పెద్దది చేద్దాం" అన్నారు. ఏమనాలో నాకు తోచలేదు. చూస్తాననాలా, పని ఉందని లేవాలా? ఆ ఆలోచనలో చేతికందించాల్సిన గొట్టం అందించలేదు. ఆయన తడుముకుని, కొయ్య మీద అప్పుడే ఆనించినదాన్నే, కాగిన చోటే పట్టుకున్నారు. గాజు ఎర్రదనం పోయాక చల్లటిదీ వేడిదీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఆయన అరవలేదు. గొట్టం కింద పడి పగిలింది. గదిలో కమురు వాసన వచ్చింది.

అరచెయ్యి అడ్డంగా కాలింది. నీళ్ళలో పెట్టించి, మందు రాసి, గుడ్డ చుడుతుంటే ముగ్గురం ఆయన చుట్టూ కూర్చున్నాం. ఇన్నేళ్ళ పనిలో ఇలా ఎప్పుడూ కాల్చుకోలేదని ఆయనే ఆశ్చర్యపోతున్నారు. అప్పుడే, అందరి ముందూ అన్నాను.

"మామయ్యా, చెయ్యి మానేదాకా ఎలాగూ కూర్చోలేరు. ఈలోపు కళ్ళు చూపించుకుందాం."

అత్తయ్య నావైపు చూసింది. మా ఆయన నేల చూశాడు. మామయ్య చుట్టిన గుడ్డని రెండో చేత్తో తడుముకున్నారు. తర్వాత అన్న మాటకి నాకు కన్నీళ్ళాగలేదు.

"సరే. షాపు ఒప్పుకుంది కాబట్టి వస్తున్నాను. ఒప్పుకోకపోయుంటే కళ్ళ మీద నెపం పెట్టినట్టుండేది."

మా ఆయన లేచి, మాట్లాడకుండా వెళ్ళి బండి తీసుకొచ్చాడు.

కళ్ళ డాక్టరు చూసి, ఇన్నాళ్ళు ఎలా పని చేశారండీ అని మామయ్యని అడిగింది. అలవాటమ్మా అన్నారు ఆయన గర్వంగా. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేద్దామంది. ఆసుపత్రికి తిరగడం, చుక్కల మందులు, అత్తయ్య కంగారు, మా ఆయనకి షాపు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, వీటిలో రోజులు ఎలా గడిచాయో తెలియదు. నేను రంగు చెప్పడం మొదలెట్టక ముందు ఆయన ఊదిన సొట్ట పూసలు, షాపుకి వెళ్ళగా మిగిలిన ఒక ట్రే, బల్ల మీదే ఉన్నాయి. చూపొచ్చేలోపు వాటిని ఎక్కడైనా దాచాలని ముగ్గురం అనుకున్నాం. ముగ్గురిలో ఇంకొకరు దాచేసి ఉంటారని కూడా అనుకున్నాం.

కంటి కట్టు విప్పిన రోజు మామయ్య నల్లద్దాలతో ఇంటికొచ్చారు. గుమ్మంలో అద్దాలు తీసి గోడలు చూశారు, కిటికీ చూశారు. అత్తయ్యని చూసి, "నీ జుట్టు ఇంత తెల్లబడిందేంటి?" అన్నారు. అత్తయ్య సిగ్గుపడి కొంగు తల మీదికి లాక్కుంది. అందరం నవ్వాం. ఆ వేసవిలో నలుగురం కలిసి నవ్వింది అదొక్కసారే.

నవ్వుతూనే ఆయన బల్ల దగ్గరికి నడిచారు. ట్రేలోంచి ఒక పూస తీశారు. కిటికీ దగ్గరికెళ్ళారు. దాన్ని పెట్టేసి ఇంకొకటి తీశారు. ఆ తర్వాత ఇంకొకటి. నవ్వు ఎప్పుడు పోయిందో మొహంలోంచి పోయింది. వేలి కొసతో ఆ సొట్టని తడిమి, ఎండకి పెట్టి బుడగలు చూసి, మావైపు తిరిగారు.

"ఎవరు చేశారివి?"

మా ఆయన చేతిలో తీగ వంచుతున్నాడు. అది ముందే వంచి ఉన్న తీగ. అత్తయ్య కొంగు ఇంకా తల మీదే పట్టుకుని ఉంది. నాకు భయమేం వెయ్యలేదు. అలిసిపోయి ఉన్నాను, అంతే, ఇది త్వరగా అయిపోతే బాగుండుననిపించింది.

"నేనే మామయ్యా" అన్నాను.

"నువ్వా?"

"ఈ ఒక్క ట్రేనే. మీరు లేనప్పుడు చేశాను. షాపుకి పంపలేదు."

ఆయన నమ్మారు. నమ్మకపోవడానికి ఆయనకి కారణమేముంది? కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. పెంకుల డబ్బా ముందు కూర్చుని, ఒక్కొక్క పూసనీ చూసి చూసి అందులో వేశారు. ప్రతిదానికీ ఇక్కడ తిప్పడం ఆపావు, ఇక్కడ మరీ కాచావు, ఇక్కడ తొందరపడ్డావు అని చెప్పారు. ఆయన చెప్పిన తప్పులన్నీ నిజమే. ఒక్కొక్కటీ చిట్లిన చప్పుడుకి అత్తయ్య కళ్ళు మూసుకునేది.

ఆఖరి పూసని మాత్రం వెంటనే వెయ్యలేదు. చేతిలో తిప్పుతూ ఉండిపోయారు.

"ఊపిరి మంచిదే నీకు" అన్నారు. "ఎక్కడా తొణకలేదు. చూడటమే రాలేదు. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని చూడటం నేర్చుకోలేదా అమ్మా?"

ఆయన ఊపిరిని ఆయనే మెచ్చుకున్నారని చెప్పడానికి లేదు. లేదు మామయ్యా, నేర్చుకోలేదు అన్నాను.

"కొన్నాళ్ళు మంట దగ్గరికి రావద్దు. మీ అత్తయ్య దగ్గర కూర్చుని గుచ్చు. తర్వాత మళ్ళీ మొదటి నుంచీ నేర్పుతాను" అన్నారు, ప్రేమగానే. నా స్టూలు తీసి గోడ వారకి చేర్చారు.

నేను వెళ్ళి చాప మీద కూర్చున్నాను. అత్తయ్య జరిగి చోటిచ్చింది. సూదిలో దారం ఎక్కించి నా చేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే కాసేపు పట్టుకుంది. మామయ్య తన చోట కూర్చుని, అరచేతి కట్టు సర్దుకుని, ఎడం చేత్తో బర్నర్ వెలిగించారు. మంట నీలంగా నిలబడగానే, చంటిపిల్లవాడిలా దాన్నే చూశారు.

"ఒరేయ్" అన్నారు మా ఆయనతో, తల తిప్పకుండా. "షాపావిడకి నా మాటగా చెప్పు. భయపడొద్దను. మా ఇంటి నుంచి ఇక సొట్ట పూస ఒక్కటి కూడా రాదని చెప్పు."

మా ఆయన తీగ కింద పెట్టాడు. నావైపు చూడలేదు.

"అలాగే నాన్నా" అన్నాడు.